లీటరున్నర స్టీల్ కెటిల్: పనిలో భేష్, మూతి మాత్రం ఇరుకు

నీళ్లు మరిగించే పనిలో ఈ 1500 వాట్ల కెటిల్‌కి వంక పెట్టడానికి లేదు. లీటరు నీళ్లు నాలుగు నిమిషాలకు కాస్త అటూ ఇటూగా మరుగుతాయి. కరెంటు ఖర్చు యూనిట్‌లో పదో వంతు. అంతకన్నా ఎక్కువ వాట్లది కొంటే ఇంకాస్త త్వరగా మరుగుతాయేమో గానీ, కరెంటేమీ మిగలదు. మిగలాలంటే ఎన్ని కప్పులు కావాలో అన్నే నీళ్లు పొయ్యాలి. దీనికేమో మినిమమ్ గీత అర లీటరు దగ్గర పెట్టారు. ఒక్క కప్పు కావాలన్నా అర లీటరు కాచాల్సిందే. పైగా ఆ గీత లోపలి గోడ మీదుంది, మూత తీసి తొంగి చూస్తే తప్ప కనబడదు.

మూత మాత్రం టక్కున, గట్టిగా పడుతుంది. ఇది చిన్న సంగతి కాదు. నీళ్లు మరిగినప్పుడు ఆవిరి ఓ సన్నని దారి గుండా స్విచ్ దగ్గరికి పోతుంది. అక్కడ రెండు లోహాలు అతికించిన రేకు ఆ వేడికి ఒక్కసారిగా వంగి స్విచ్‌ని ఆపేస్తుంది. మూత సరిగా పడకపోతే ఆవిరి అంతా పైకే పోతుంది, నీళ్లు అలా మరుగుతూనే ఉంటాయి.

నా అసలు కోపం మూతి మీద. మగవాళ్ల చెయ్యి సంగతి అటుంచండి, నా చెయ్యే లోపలికి దూరదు. మా నీళ్లలో సున్నం ఎక్కువ. వేడి తగలగానే అది తెల్లటి పొరలా అడుగున దిగుతుంది. చెయ్యి పెట్టి తుడిచే దారి లేదు కాబట్టి సగం కెటిల్ చన్నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి, మరిగించి, అరగంట వదిలేస్తాను. పారబోస్తే అడుగు మెరుస్తుంది. తర్వాత మంచి నీళ్లు ఒకసారి కాచి అవీ పారబోయాలి. వెనిగర్ కూడా పని చేస్తుంది గానీ ఆ వాసన ఓ పట్టాన వదలదు. పీచుతో గీకితే స్టీల్ మీద గీతలు పడతాయి.

పొర మందంగా పేరుకుంటే ఇంకో తంటా. అడుగు ప్లేటు వేడి నీళ్లలోకి సరిగా దిగదు. కెటిల్ ఖాళీగా ఉందనుకుని లోపలి రక్షణ స్విచ్ మరగకముందే ఆపేస్తుంది. పాడైందని పక్కన పడేసే ముందు నిమ్మ ఉప్పు వేసి చూడండి.

మాక్సిమమ్ గీత దాటి పోస్తే మరిగే నీళ్లు కొమ్ములోంచి ఎగిరి కింది స్టాండు మీద పడతాయి. స్టాండులో కరెంటు ఉంటుందని గుర్తుంచుకోండి. కెటిల్‌ని కుళాయి కింద పెట్టి కడగొద్దు, పైన తడిగుడ్డతో తుడిస్తే చాలు, అదీ ప్లగ్ తీశాకే. పాలు కాచుదామని మా ఇంట్లో ఎవరైనా అంటే నేను కెటిల్ దాచేస్తాను. పొంగడం ఒక ఎత్తు, మాడి అడుగంటితే ఈ ఇరుకు మూతిలోంచి గోకేదెవరు?

వైరు పొట్టి. దానికి మార్కులు తియ్యను. పొడుగు వైరు గట్టు మీంచి వేలాడితే పిల్లలు పట్టుకు లాగుతారు. వైరు అందలేదని సన్న ఎక్స్‌టెన్షన్ బోర్డు మాత్రం తగిలించొద్దు. 230 వోల్టుల దగ్గర ఇది 6.5 ఆంపియర్లు లాగుతుంది, ఆ వైరు వేడెక్కిపోతుంది.

5కి 3 ఇస్తున్నాను. అర లీటరు గీతకి ఒకటి, మూతికి ఒకటి తీసేశాను. మీ నీళ్లలో సున్నం లేకపోతే 4 అనుకోండి.