హిమాలయన్ మీద టెంటూ సామానూ: కొన్నేళ్లు మోసి చూశాక

బైకు లగేజీ కొనేటప్పుడు అందరం ముందు అడిగేది ఎన్ని లీటర్లు పడుతుందని. కొన్నేళ్లు వాడాక నేను అడిగే ప్రశ్న మారిపోయింది. రోజంతా బండి నడిపి, చీకటి పడ్డాక చేరి, టార్చి నోట్లో కరుచుకుని నిలబడ్డప్పుడు ఈ సామానంతా దించడానికి ఎంతసేపు పడుతుంది? షాపులో ఏ బ్యాగైనా బాగానే కనిపిస్తుంది. దాని అసలు రంగు దించేటప్పుడే బయటపడుతుంది.

నా బండి రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్, పాత 411 సీసీ మోడల్. ఉండేది హైదరాబాద్ కాబట్టి ఎక్కువగా తిరిగేది గండికోట, లంబసింగి, మారేడుమిల్లి వైపు. శని, ఆదివారాలే దొరికితే వికారాబాద్ అనంతగిరి. చాలాసార్లు ఒక్కడినే వెళ్తాను, వెనక సీటంతా సామానుకే. ఇద్దరు వెళ్లేవాళ్లకు ఈ లెక్కలు చాలావరకు పనికిరావు, వాళ్లకు సగం సమస్య వెనక కూర్చున్నవాళ్ల మోకాళ్ల దగ్గరే మొదలవుతుంది.

ఇప్పుడు వాడుతున్న సెట్టు ఇది: రెండు పక్కలా మెత్తటి శాడిల్ బ్యాగులు, వెనక ర్యాక్ మీద అడ్డంగా పొడవాటి డ్రై బ్యాగు (నీళ్లు చొరబడని సంచి), ముందు చిన్న ట్యాంక్ బ్యాగు. వీటికంటే ముందు అల్యూమినియం పెట్టెలు వాడి అమ్మేశాను. పెట్టెలు చెడ్డవని కాదు. వాన చుక్క లోపలికి రాదు, తాళం పడుతుంది, క్యాంపులో ఒకదాని మీద కూర్చుని ఇంకోదాని మీద ప్లేటు పెట్టుకోవచ్చు. కానీ హిమాలయన్ మొత్తం వెడల్పే 840 మిల్లీమీటర్లు. పెట్టెలు బిగిస్తే వెనక భాగం మీటరు దగ్గరికి పోతుంది. హ్యాండిల్ దూరింది కదా అని రెండు ఆటోల మధ్యకు పోనిస్తే వెనక పెట్టె తగులుకుంటుంది. ఆరాంఘర్ దగ్గర సాయంత్రం పూట ఊరు దాటేసరికే సగం ఓపిక అయిపోయేది. ఖాళీ పెట్టెలు, వాటి ఫ్రేములు కలిపితేనే పది కిలోల పైన తూగుతాయి. కంకర మీద బండి పక్కకు పడితే పాదం పెట్టె కింద ఇరుక్కునే ప్రమాదం వేరే. అన్నీ కలిపి ఖర్చు పాతిక వేల పైమాటే.

తాళం విషయంలో మాత్రం పెట్టెలదే పైచేయి. రోడ్డు పక్కన టిఫిన్‌కి ఆగితే పెట్టెలున్నవాడు లోపల ఫ్యాన్ కింద కూర్చుంటాడు. మెత్తటి బ్యాగులున్నవాడు బండి కనిపించే టేబుల్ ఎక్కడుందా అని వెతుక్కుంటాడు. నేను ఇప్పటికీ అలాగే వెతుక్కుంటున్నాను.

శాడిల్ బ్యాగుల్లో చూడాల్సింది లోపల విడిగా ఊడివచ్చే సంచి ఉందా లేదా అన్నది. బయటి తొడుగు బండికే కట్టి ఉంటుంది, లోపలి సంచి చేత్తో పట్టుకుని గదిలోకో టెంటులోకో పోవచ్చు. నా మొదటి సెట్టుకు ఈ సదుపాయం లేదు, పైగా మూతకు జిప్పు. ఎర్రమట్టి రోడ్ల మీద తిరిగితే ఆ దుమ్ము పళ్లలోకి పోయి జిప్పు బిగుసుకుపోయేది, ఒక వానాకాలం తర్వాత రన్నరే ఊడి చేతికొచ్చింది. ఇప్పుడున్నది నోరు చుట్టి బకిల్ పెట్టే రకం. మూడు మడతలు వేస్తే దుమ్మూ రాదు, నీళ్లూ రావు. రెండు చుట్లతో సరిపెట్టే బద్ధకం ఉంటే మాత్రం అందులోంచి నీరు దారి చేసుకుని వస్తుంది.

కుడివైపు సైలెన్సర్ సంగతి విడిగా చెప్పాలి. ఈ బండికి సైలెన్సర్ కుడిపక్క పైకి లేచి ఉంటుంది. ఖాళీగా నిలబెట్టినప్పుడు బ్యాగుకీ దానికీ మధ్య నాలుగు వేళ్ల సందు కనిపిస్తుంది. లోపల బరువు పడి, గుంతల్లో వెనక షాక్ అబ్జార్బర్ నొక్కుకుంటే ఆ సందు మాయం. నాతో వచ్చిన మిత్రుడి బండి నుంచి కర్నూలు దాటాక కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. ఆపి చూస్తే బ్యాగు అడుగు బాగానే ఉంది, దాని మీద తొడిగిన రెయిన్ కవర్ అంచు గాలికి ఊగి సైలెన్సర్‌కి అతుక్కుని నల్లటి జిగురైపోయింది. చాలామంది బ్యాగును జాగ్రత్తగా కడతారు, కవర్ అంచును వదిలేస్తారు. బ్యాగును చక్రానికీ సైలెన్సర్‌కీ దూరంగా ఆపే ఇనుప కమ్మీ, శాడిల్ స్టే, రెండు పక్కలా వేయించుకోవాలి, ఇందులో బేరం లేదు. సైలెన్సర్ మీద వేడి ఆపే రేకు, హీట్ షీల్డ్, ఉంది కదా అని ధైర్యం చేయకండి.

ఇక కట్టే తాళ్లు. మన దగ్గర ఎవరైనా మొదట కొనేది కొక్కేలున్న రబ్బరు తాడు, బంగీ. రోడ్డు పక్కన వంద రూపాయలకు దొరుకుతుంది. చిన్న సామానుకు పర్వాలేదు. టెంటు, స్లీపింగ్ బ్యాగు కలిసిన మూటను దానికి అప్పగించకూడదు. సాగేదేదైనా మూట కదిలినప్పుడల్లా మళ్లీ సాగుతుంది. ఒక చివర జారితే కొక్కెం మొహానికి వచ్చి తగులుతుంది, కంటికి తగిలితే అంతే. ఎండకు ఆ రబ్బరు పీచు పీచుగా చిట్లడం కూడా పైనున్న గుడ్డ చాటున కనిపించదు. దానికంటే మన పాలవాళ్లు, కూరగాయలవాళ్లు కట్టే పాత సైకిల్ ట్యూబు ముక్క ఎంతో నయం. జారదు, గీతలు పడవు, కొక్కెం లేదు. ఒకటి ఇప్పటికీ సీటు కింద పెట్టుకుంటాను.

నేను స్థిరపడింది అంగుళం వెడల్పున్న పట్టీల దగ్గర, మెటల్ క్యామ్ బకిల్ ఉన్నవి. బొటనవేలితో నొక్కితే వదులవుతుంది, చివర లాగితే బిగుస్తుంది. లారీవాళ్లు వాడే రాచెట్ రకం బైకుకు వద్దు. మితిమీరి బిగిసి ర్యాక్‌నే వంచుతుంది, చీకట్లో విప్పడం ఇంకో నరకం. పట్టీ నైలాన్‌దా, పాలిస్టర్‌దా అని అడిగి కొనండి. నైలాన్ తడిస్తే సాగుతుంది, వానలో గంట నడిపాక మూట వదులై ఒక పక్కకు ఒరుగుతుంది. పాలిస్టర్ అంతగా సాగదు. బిగించాక మిగిలిన చివరలను చుట్టి దోపడం మరవద్దు. ఎడమవైపు వేలాడే చివర గొలుసులో పడితే చక్రం పట్టేస్తుంది. ఎంత బాగా కట్టినా మొదటి ఇరవై కిలోమీటర్ల తర్వాత ఒకసారి ఆగి మళ్లీ బిగించాల్సిందే. లోపలి బట్టలు కుదుటపడి మూట కొంచెం కుంగుతుంది. హైదరాబాద్ నుంచి కర్నూలు వైపు వెళ్తే షాద్‌నగర్ లోపు ఎక్కడో ఒక టీకి ఆగుతాం కదా, ఆ టీ దగ్గరే ఈ పని.

బరువు ఎక్కడ పెట్టాలన్నది ఎన్ని కిలోలు అన్నదానికంటే ముఖ్యం. నీళ్లు, టూల్స్, ట్యూబు లాంటి బరువైనవన్నీ పక్క బ్యాగుల్లో అడుగున, వీలైనంత ముందుకు. వెనక ర్యాక్ మీద టెంటు, స్లీపింగ్ బ్యాగు, బట్టలు మాత్రమే. వెనక ఇరుసు దాటి బరువు వేలాడితే ముందు చక్రం తేలికవుతుంది, ఎనభై దాటాక హ్యాండిల్ సన్నగా ఊగడం మొదలుపెడుతుంది. వెనక కొండలా పేర్చుకున్న బళ్లు చూస్తుంటాను, పక్కగాలి కొట్టినప్పుడు అవి లైను తప్పడం కూడా చూస్తుంటాను. సామాను ఎక్కించాక బండి టూల్ కిట్‌లోని సి స్పానర్‌తో వెనక షాక్ ప్రీలోడ్ (స్ప్రింగు బిగుతు) పెంచండి, టైర్లలో గాలి మాత్రం, వెనక మనిషి ఉన్నప్పుడు ఎంత పెట్టమని మాన్యువల్‌లో ఉందో అంత పెట్టండి. వెనక కుంగితే హెడ్‌లైట్ పైకి లేస్తుంది. ఎదురొచ్చే ప్రతి లారీ డిప్పర్ కొడుతోందంటే కారణం అదే.

ఈ బండికి పుల్లల చక్రాలు, ట్యూబు టైర్లు. వెనక పంక్చరైతే మెయిన్ స్టాండ్ వేయాలి, ఈ బరువుతో ఒక్కడు వేయలేడు, అంటే మూటంతా విప్పాల్సిందే. సామాను దించడానికి పట్టే సమయం గురించి నేను అంత పట్టింపుగా ఉండటానికి ఇదొక కారణం. పాడేరు ఘాట్‌లో వెనక టైరు దిగిపోయినప్పుడు నాలుగు బకిల్స్ నొక్కి, రెండు లోపలి సంచులు లాగి పక్కన పెట్టేసరికి ఐదు నిమిషాలు కాలేదు. టైరు లీవర్లు, పంపు పక్క బ్యాగు బయటి జేబులోనే ఉన్నాయి. పెట్టెల రోజుల్లో అయితే వాటి అడుగున, వంట గిన్నెల కింద ఉండేవి.

టెంటు ఎంపిక మనం ఎక్కడ పడుకుంటామన్న దాన్ని బట్టి ఉండాలి. గండికోటలో పెన్నా లోయ అంచున ఎటు చూసినా రాయే, మేకు దిగదు. తాళ్ల మీద ఆధారపడి నిలబడే టెంటు అక్కడ పనికిరాదు, తన కడ్డీల మీద తానే నిలబడేది కావాలి. మూలల తాళ్లకు రాళ్లు కట్టుకోవాలి. రాత్రి లోయలోంచి లేచే గాలికి ఖాళీ టెంటు దొర్లిపోగలదు, అందుకే టెంటు వేయగానే శాడిల్ బ్యాగుల సంచులు తెచ్చి లోపల నాలుగు మూలలా పెట్టేస్తాను. నాది ఇద్దరి డోమ్ టెంటు, డెకథ్లాన్‌లో కొన్నది, మూడు కిలోల లోపు. మడిస్తే ర్యాక్ మీద అడ్డంగా పడుతుంది, పక్కలకు హ్యాండిల్ దాటి రాదు. కొనేటప్పుడు బరువు కంటే ఈ మడత పొడవే కొలిచి చూసుకోవాలి. విసిరితే తెరుచుకునే గుండ్రటి రకం టెంటు కారుకు సరిపోతుంది, బైకుకు కాదు. అంత పెద్ద పళ్లేన్ని ఏ ర్యాకూ మోయలేదు.

లంబసింగిలో ఇబ్బంది వేరు. చలికాలంలో తెల్లారేసరికి మంచు టెంటు బయటి గుడ్డంతా తడిపేసి ఉంటుంది. వాన పడకుండానే పిండితే నీళ్లు కారుతాయి. పొగమంచు విడిచి ఎండ వచ్చేదాకా ఆగితే తొమ్మిదో పదో అవుతుంది. తడి గుడ్డను లోపలి టెంటుతో కలిపి చుట్టేస్తే సాయంత్రానికి రెండూ తడే, ముక్కవాసన కూడా. అందుకే కంపెనీ ఇచ్చిన ఒకే సంచి పక్కన పడేసి మూడు భాగాలు చేశాను. లోపలి టెంటు డ్రై బ్యాగులోకి, కడ్డీలు విడిగా, తడి పై గుడ్డ ఒక జాలీ సంచిలో అన్నిటికంటే పైన పట్టీ కింద. కొండ దిగి నర్సీపట్నం చేరేలోపు గాలికి సగం ఆరిపోతుంది. మధ్యాహ్నం ఎక్కడ ఆగినా బండి మీదే పరిస్తే పావుగంటలో మిగతాదీ ఆరుతుంది.

స్లీపింగ్ బ్యాగు మీద రెండు మూడు ఉష్ణోగ్రతలు రాసి ఉంటాయి. పెద్ద అక్షరాల్లో ఉన్నది చూసి కొనకండి, కంఫర్ట్ అని ఉన్న అంకె చూడండి. ఎక్స్‌ట్రీమ్ అన్నది హాయిగా నిద్రపోయే లెక్క కాదు, ఎలాగో ప్రాణాలతో బయటపడే లెక్క. డిసెంబరు గండికోటకు కంఫర్ట్ 15 డిగ్రీలది, ఒక స్వెట్టర్ చాలు. లంబసింగికి 5 డిగ్రీలది ఉంటే నిశ్చింత. కింద పరిచే మ్యాట్ విషయంలో పొదుపు వద్దు. చలి పైనుంచి కంటే నేలలోంచే ఎక్కువ వస్తుంది.

డ్రై బ్యాగు గురించి ఫిర్యాదు ఒక్కటే. పీవీసీ మందం కాబట్టి ఎండలో లోపల ఉడికిపోతుంది, మాత్రలు, చాక్లెట్లు అందులో పెట్టకూడదు. వానకు మాత్రం తిరుగులేదు. శాడిల్ బ్యాగులతో వచ్చిన రెయిన్ కవర్లు గాలికి బుంగలా ఉబ్బి, నీళ్లు పట్టుకుని లోపలే నిలబెట్టేవి. వాటిని తీసేసి, లోపలి సంచుల్లో చెత్తబుట్టకు వేసే పెద్ద నల్ల కవర్లు తొడిగాను. ఖర్చు పది రూపాయలు, మొన్నటి అల్పపీడనంలో రాజమండ్రి దాకా తడిసినా బట్టలు పొడిగానే ఉన్నాయి.

ట్యాంక్ బ్యాగు చిన్నదే మేలు. ఫోను, కాగితాలు, పవర్ బ్యాంకు. పెద్దది తగిలిస్తే పెట్రోలు బంకులో ప్రతిసారీ ఊడదీయాలి, మలుపుల్లో హ్యాండిల్‌కు అడ్డం పడుతుంది. కింద దుమ్ము చేరి ట్యాంకు రంగు గీసుకుపోతుంది, పాత కాటన్ గుడ్డ పరవండి. జెర్రీ క్యాన్లు మన వైపు అక్కర్లేదు. ట్యాంకు 15 లీటర్లు, లీటరుకు ముప్ఫై వచ్చినా నాలుగు వందల కిలోమీటర్ల పైన వెళ్తుంది. క్యాను కోసం వేసిన స్టాండుకు నేను చెప్పులు కడుతున్నాను.

150 సీసీ బండి ఉన్నవాళ్లు ఇదంతా చదివి బెంగపడక్కర్లేదు. శాడిల్ బ్యాగులు కొనకముందు ఒక డ్రై బ్యాగు, రెండు మంచి పట్టీలు కొనండి, మూడున్నర నాలుగు వేలలో అయిపోతుంది. వెనక సీటు మీద అడ్డంగా పడుకోబెట్టి, ఒంటికి ఆనుకునేలా ముందుకు జరిపి కడితే రెండు రాత్రులకు సరిపడా సామాను వస్తుంది, నడుముకు ఆనుడు కూడా. ఇండికేటర్లు, నంబర్ ప్లేటు కప్పేయకుండా చూసుకోండి.

స్టవ్వు, గ్యాస్ డబ్బా, గిన్నెలు మొదట్లో ఉత్సాహంగా మోశాను. స్క్రూ గ్యాస్ డబ్బాలు అయిపోతే చింతపల్లిలో దొరకవు, హైదరాబాద్‌లోనే వెతుక్కోవాలి. పైగా పొద్దున్నే ఏ ఊరి సెంటర్‌కి వెళ్లినా పొగలు కక్కే ఇడ్లీ ఉంటుంది, మారేడుమిల్లి వెళ్లి బొంగులో చికెన్ వదిలేసి నూడిల్స్ ఉడకబెట్టుకోవడంలో అర్థం లేదు. ఇప్పుడు వంట సామాను కింద వెళ్తున్నది ఒక ఫ్లాస్కు, స్టీలు గ్లాసు. ఫ్లాస్కు కుడి బ్యాగు బయటి జేబులో పడుతుంది.