వీడియో కౌన్సెలింగ్ వాడాను, నా రివ్యూ (5కి 3.5)

నిద్ర సరిగ్గా పట్టదు, ఊరికే చిరాకు, ఫోన్ మోగితే గుండె దడ, ఇష్టమైన పనులు కూడా చెయ్యబుద్ధి కాదు. ఇలా నెలల తరబడి నడిచాక వీడియో కాల్‌లో కౌన్సెలింగ్ ఇచ్చే ఒక సర్వీసులో చేరాను, పేరు చెప్పదలుచుకోలేదు.

ముందు చిరాకు పెట్టినవి. కౌన్సెలర్‌ని మనం ఎంచుకోలేం, యాప్ తనే అంటగడుతుంది. నాకు మొదట దొరికినాయన నా మాట సగంలో ఆపి తన జీవితం చెప్పడం మొదలెట్టారు. మార్చమని అడగడానికి ఆప్షన్ ఎక్కడుందో వెతికేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. అయినా మార్పించుకోండి, మొహమాటపడొద్దు, మనకి కుదిరే మనిషి దొరకడంలోనే సగం పని ఉంది.

రెండో ఆవిడతో కుదిరింది. ఏది గోప్యంగా ఉంటుందో, ప్రాణానికి ముప్పుంటే మాత్రం వేరేవాళ్లకి చెప్పాల్సి వస్తుందని మొదటే చెప్పారు. తర్వాత డిప్రెషన్ లక్షణాలు ఎంతున్నాయో చూసే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నాపత్రం నింపించారు: గత రెండు వారాల గురించి 9 ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3, మొత్తం 27కి స్కోరు. ఆఖరి ప్రశ్న చనిపోవాలన్న ఆలోచనల గురించి, ఆవిడ దాన్ని దాటేయకుండా సూటిగానే అడిగారు (అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహే). ఈ స్కోరొక్కటే చూసి డిప్రెషన్ అని తేల్చరు, తగ్గుతుందా పెరుగుతుందా చూడ్డానికి మధ్యమధ్యలో మళ్లీ నింపిస్తారు. థైరాయిడ్ హార్మోన్ తగ్గినా ఇలాంటి నీరసం, దిగులు ఉంటాయని రక్తపరీక్ష కూడా చేయించుకోమన్నారు, అది నాకు బాగా నచ్చింది.

సలహాల కోసం వెళ్తే మాత్రం నిరాశే. ఆవిడ వాడింది సీబీటీ (కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ), అంటే మన ఆలోచనల్నీ అలవాట్లనీ పరీక్షించి మార్చుకోవడం, 1960ల్లో ఆరన్ బెక్ అనే అమెరికన్ సైకియాట్రిస్ట్ మొదలుపెట్టిన పద్ధతి. "ఒకసారి మాట్లాడాలి" అని మేనేజర్ మెసేజ్ పెట్టగానే ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. దాన్ని కాగితం మీద రాయించి, ఎంత శాతం నమ్ముతున్నారు, దానికి సాక్ష్యం ఏంటి, కాదనడానికి ఏముంది అని ఒక్కోటీ అడుగుతూ పోయారు. కోర్టులో క్రాస్ ఎగ్జామినేషన్‌లా ఉంటుంది, విసుగొస్తుంది, కానీ కొన్ని వారాలకి ఆ ప్రశ్నలు మనమే వేసుకోవడం అలవాటవుతుంది. మూడ్ బాగుంటే నడుద్దాం అని ఆగకుండా, ముందు నడవండి, మూడ్ వెనకే వస్తుంది అనేది ఇంకో హోంవర్క్. వినడానికి ఉత్త కబుర్లా ఉంది గానీ పనిచేసింది, అన్ని రోజులూ కాదులెండి.

ఇందులో సైకియాట్రిస్ట్ లేరు, కౌన్సెలర్ మందులు రాయరు. మందులు అవసరమయ్యే స్థితి అయితే డాక్టర్ దగ్గరికే వెళ్లాలి, డిప్రెషన్ మందులు పనిచేయడానికి వారాలు పడుతుంది కాబట్టి ఆలస్యం చేయొద్దు. చచ్చిపోవాలనిపించేంత బాధలో ఉంటే అపాయింట్‌మెంట్ దాకా ఆగకుండా దగ్గర్లోని ఆసుపత్రి ఎమర్జెన్సీకి వెళ్లండి, లేదా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి.

చాట్ ప్లాన్ మాత్రం దండగ, పొద్దున మెసేజ్ పెడితే రాత్రికి "అర్థమైంది, ఇంకా చెప్పండి" అని వస్తుంది. తీసుకుంటే వీడియోదే తీసుకోండి.