నడుస్తున్న యాప్‌కి బూట్‌స్ట్రాపా, టెయిల్‌విండా?

బెంగళూరు మారతహళ్లి పీజీల్లో ఉండే మన తెలుగు పిల్లల్ని ఎవర్ని కదిపినా టెయిల్‌విండ్ పేరే చెబుతారు. బూట్‌స్ట్రాప్ లాగే ఇదీ ఒక సీఎస్‌ఎస్ ఫ్రేమ్‌వర్క్, అంటే వెబ్ పేజీల రూపం దిద్దే సీఎస్‌ఎస్ భాష కోసం ముందే తయారుచేసి పెట్టిన సరంజామా. కోర్సుల్లో స్క్రీన్లు తయారుచేసే రియాక్ట్‌తో పాటు అదే నేర్పుతున్నారు మరి. తీరా ఉద్యోగంలో చేరాక చాలామంది చేతికొచ్చేది ఎవరో ఎప్పుడో జాంగోలోనో లారావెల్‌లోనో (రెండూ సర్వర్ వైపు ఫ్రేమ్‌వర్కులు) రాసిపెట్టిన అడ్మిన్ ప్యానెల్. దాన్ని కాస్త చూడబుద్ధయ్యేలా చెయ్యమంటాడు మేనేజర్. అక్కణ్నుంచి ఫోన్లు మొదలవుతాయి: "అన్నా, ఇందులో టెయిల్‌విండ్ పెట్టేయనా, బూట్‌స్ట్రాప్ పెట్టనా?"

కొత్త యాప్‌కి జవాబు వేరు, నడుస్తున్న యాప్‌కి వేరు. ఇక్కడ రాస్తున్నది రెండోదాని గురించే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పేజీలు సర్వర్‌లోనే తయారై వస్తూ, నిండా ఫారాలూ టేబుళ్లూ ఉండి, చూసుకునేది బ్యాకెండ్ వాళ్లే, అంటే సర్వర్ కోడ్ రాసేవాళ్లే అయితే బూట్‌స్ట్రాప్ 5.3 మేలు.

బూట్‌స్ట్రాప్‌ని ట్విట్టర్‌లో పనిచేసే మార్క్ ఓటో, జేకబ్ థార్న్‌టన్ ఆఫీసు లోపలి టూల్స్ అన్నీ ఒకే తీరుగా ఉండాలని మొదలుపెట్టి, 2011 ఆగస్టులో బయటికి వదిలారు. పుట్టిందే ఇలాంటి పేజీల కోసం. 2021లో వచ్చిన 5వ వెర్షన్‌తో జేక్వెరీ అనే పాత జావాస్క్రిప్ట్ లైబ్రరీ అవసరం కూడా పోయింది. బేస్ టెంప్లేట్‌లో సీఎస్‌ఎస్ లింకు ఒకటి, స్క్రిప్టు ఒకటి పెడితే చాలు, పని మొదలవుతుంది. జాంగోలో అయితే క్రిస్పీ ఫార్మ్స్ అనే ఫారాల ప్యాకేజీ తోడు పెట్టుకుంటే, తప్పు నింపిన గడి చుట్టూ ఎర్ర గీత, కింద మెసేజ్ వాటంతటవే వస్తాయి.

2017లో ఆడమ్ వాథన్ తెచ్చిన టెయిల్‌విండ్ దారి వేరు. అందులో రెడీమేడ్ బటన్ ఉండదు. ప్యాడింగ్ ఇంత, రంగు ఇది, మూల గుండ్రన అని ఒక్కో క్లాసూ (ట్యాగుకి తగిలించే స్టైల్ పేరు) మనమే పేర్చాలి. అది మన ఫైళ్లను వెతికి, కనిపించిన క్లాసులకు మాత్రమే సీఎస్‌ఎస్ తయారుచేస్తుంది. అందుకే ఫైలు చిన్నగా వస్తుంది, మెచ్చుకోవాల్సిందే. కానీ డిప్లాయ్‌లో ఒక బిల్డ్ మెట్టు, అంటే ఆ సీఎస్‌ఎస్ తయారుచేసే పని, పెరుగుతుంది. పైగా అది మన కోడ్‌ని నడిపి చూడదు, అక్షరాల్ని చదువుతుంది అంతే. ఆర్డర్ స్టేటస్‌ని బట్టి రంగు మారాలని క్లాసు పేరులో సగం టెంప్లేట్‌లో రాసి, మిగతా సగం వేరియబుల్ నుంచి అతికిస్తే ఆ పేరు దాని కంటబడదు. అదే క్లాసు ఇంకో పేజీలో పూర్తిగా రాసి ఉంటే రంగు వస్తుంది, ఆ పేజీ తీసేసిన రోజు పోతుంది. బగ్ ఎక్కడుందో తేలక టెన్షన్ పడేది ఇలాంటి చోటే. స్టేటస్‌కో పూర్తి క్లాసు పేరు చొప్పున డిక్షనరీలో రాసుకోవాలి.

అసలు తలనొప్పి పాత సీఎస్‌ఎస్‌తో.

2025 జనవరిలో వచ్చిన టెయిల్‌విండ్ 4 తన క్లాసులన్నిటినీ సీఎస్‌ఎస్ లేయర్లలో, అంటే రూళ్లని విడదీసి పెట్టే అరల్లో పెట్టింది. బ్రౌజర్ నియమం ప్రకారం ఏ లేయర్‌లోనూ లేని మామూలు రూలు, లేయర్‌లో ఉన్న రూలు మీద గెలుస్తుంది. మీ పాత ఫైల్లో లింకులన్నీ నీలంగా ఉండాలని ఒక్క లైను ఉందనుకోండి. మీరు ఎర్ర రంగు క్లాసు ఎంత పెట్టినా లింకు నీలంగానే ఉంటుంది. పాత ఫైల్ని తీసుకెళ్లి బేస్ లేయర్‌లో ఇంపోర్ట్ చేస్తే గానీ దారికి రాదు. ఇక బ్రౌజర్ సొంత స్టైళ్లని చెరిపేసే ప్రీఫ్లైట్ అనే దాని రీసెట్ హెడింగులన్నిటినీ మామూలు అక్షరాల సైజుకి దించేస్తుంది, లిస్టుల ముందు చుక్కలు తీసేస్తుంది. ఎడిటర్‌లో టైపు చేసి డేటాబేస్‌లో దాచిన నియమాలు, షరతుల పేజీ ఒక్కసారిగా చదునైపోతుంది. ప్రీఫ్లైట్ వద్దని ఆపేయొచ్చు, కానీ 3వ వెర్షన్‌లో అయితే అప్పుడు బోర్డర్ క్లాసు పెట్టినా గీత రాదు, ఎందుకంటే అందులో ఆ క్లాసు దాని మీదే ఆధారపడింది.

బూట్‌స్ట్రాప్‌తో గొడవ లేదని కాదు. కార్డ్, రో, కంటైనర్ లాంటి పేర్లు మీ పాత ఫైల్లో కూడా ఉండే ఉంటాయి. రెండూ కలిసి సగం అదీ సగం ఇదీ అయిన డబ్బా తయారవుతుంది. కాకపోతే ఇది కంటికి కనిపించే గొడవ. ఎడిటర్‌లో వెతికి పాత పేర్లు మార్చేస్తే సరిపోతుంది. హెడింగులు హెడింగుల్లానే ఉంటాయి.

ఇంకొకటి, మీ యాప్ వాడేవాళ్ల కంప్యూటర్లు చూడండి. టెయిల్‌విండ్ 4కి క్రోమ్ 111, సఫారీ 16.4, ఫైర్‌ఫాక్స్ 128 లేదా ఆ తర్వాతివి కావాలి. విండోస్ 7 మీద క్రోమ్ 109 దగ్గరే ఆగిపోయింది. పీణ్య ఫ్యాక్టరీ ఆఫీసులో బిల్లింగ్ టేబుల్ మీద అలాంటి మెషిన్ ఉంటే 4 వద్దు, 3.4 దగ్గర ఆగండి.

తెలుగు అక్షరాల విషయం ఎవరూ పట్టించుకోరు. అది నాకు బాధ. టెయిల్‌విండ్‌లో పెద్ద హెడింగు సైజులకి, అంటే 5ఎక్స్‌ఎల్ నుంచి పైకి, లైన్ హైట్ (అక్షరాల సైజుకి లైను ఎత్తు ఎన్ని రెట్లో చెప్పే అంకె) సరిగ్గా 1. బూట్‌స్ట్రాప్ హెడింగులకి 1.2. ఇంగ్లిష్‌కి అందంగానే ఉంటుంది. "లక్ష్మి", "స్త్రీ", "జ్యోత్స్న" రాసి రెండు లైన్లకు రానివ్వండి, పై లైను వత్తులు కింది లైను గుడుల్ని తాకుతాయి. పొడవైన పేరుని చుక్కలతో కత్తిరించే క్లాసు పెడితే వత్తు కిందిభాగం తెగిపోయే ప్రమాదమూ ఉంది. కన్నడ ఒత్తక్షరాలకీ ఇదే గతి, బెంగళూరులో అది చిన్న విషయం కాదు. ఏది వాడినా తెలుగుకి లైన్ హైట్ 1.6కి తగ్గకుండా పెట్టండి, ఫాంట్‌గా నోటో శాన్స్ తెలుగు పేరు ముందు రాయండి. ఈ విషయంలో రెండూ సమానమే, రెండింటిలోనూ మనమే సరిచేసుకోవాలి.

టెయిల్‌విండ్ గెలిచేదెక్కడ? డిజైనర్ ఫిగ్మా అనే డిజైన్ టూల్‌లో తనదైన రూపం గీసి ఇచ్చినప్పుడు, స్క్రీన్లు రియాక్ట్ లేదా అలాంటిదే అయిన వ్యూ కాంపొనెంట్లుగా (విడి ముక్కలుగా) ఉన్నప్పుడు. ఒక బటన్‌కి పది క్లాసులున్నా అవి ఒక్క ఫైల్లోనే ఉంటాయి కాబట్టి బరువనిపించదు. బూట్‌స్ట్రాప్‌తో ఆ రూపం తేవాలంటే దాని ముద్ర చెరపడానికే సీఎస్‌ఎస్‌గా మారే శాస్ అనే భాషలో కుస్తీ పట్టాలి. అలాంటి చోట నేను రెండో ఆలోచన లేకుండా టెయిల్‌విండ్ అంటాను.

నాలుగైదు పేజీల యాప్‌కి మాత్రం రెండూ వద్దు. గ్రిడ్, వేరియబుల్స్, నెస్టింగ్ అన్నీ ఇప్పుడు బ్రౌజర్లలోనే ఉన్నాయి, ఉత్త సీఎస్‌ఎస్ చాలు.

పాత పేజీలకి బూట్‌స్ట్రాప్ ఉంచి, కొత్తవాటికి టెయిల్‌విండ్ కలుపుదామనే వాళ్లకి ఒక హెచ్చరిక. ప్యాడింగ్ 4 అన్న క్లాసు రెండింటిలోనూ ఉంది. బూట్‌స్ట్రాప్‌లో దాని విలువ 1.5 రెమ్ (పేజీ మూల అక్షరాల సైజుని బట్టి ఉండే కొలత), టెయిల్‌విండ్‌లో 1 రెమ్. కొలాప్స్ అన్న పేరు ఇంకా ప్రమాదం. బూట్‌స్ట్రాప్‌లో అది మెనూని తెరిచి మూసే క్లాసు, టెయిల్‌విండ్‌లో కనబడకుండా దాచే క్లాసు. ఫోన్‌లో మెనూ నొక్కితే చోటు తెరుచుకుంటుంది, లోపల ఏమీ కనబడదు. కలపక తప్పదంటే టెయిల్‌విండ్‌కి మొదటి రోజే ప్రిఫిక్స్, అంటే దాని క్లాసు పేర్లన్నిటి ముందూ వచ్చే గుర్తు, పెట్టండి, ప్రీఫ్లైట్ ఆపండి, ఒకే పేజీలో రెండింటి క్లాసులూ కలవకుండా చూసుకోండి.