పిల్లలు కళ్లజోడు పెట్టుకోబోమంటే ముందు ఆ అద్దాలను పరీక్ష చేయించండి

గుంటూరులో పిల్లలకు కళ్లజోడు చేయించబోతున్న తల్లిదండ్రులను హెచ్చరించడానికి ఇది రాస్తున్నాను. మూడో తరగతి చదువుతున్న మా పాప కళ్లజోడు పెట్టుకోనని మూడు వారాల పాటు ఏడ్చింది. అది మొండితనమే అనుకుని నేను బతిమాలాను, బెదిరించాను, ఒకటి రెండుసార్లు చెయ్యి కూడా ఎత్తాను. చివరికి చూస్తే తప్పు పాపది కాదు, దుకాణం వారు బిగించి ఇచ్చిన అద్దాలది.

బోర్డు మీది అంకెలను తప్పుగా ఎక్కించుకుంటోందని టీచరు చెప్పడంతో కంటి డాక్టరుకు చూపించాము. పిల్లల కంటిలోని కండరం బిగుసుకుని ఉంటే లేని మైనస్ పవర్ కూడా ఉన్నట్టు కనిపించవచ్చు కాబట్టి, ఆయన ఆ కండరాన్ని సడలించే చుక్కల మందు వేయించి, కంటిపాపలు పెద్దవయ్యాక పరీక్షించి చీటీ రాశారు. రెండు కళ్లకూ మైనస్ పవర్, కుడి కంటికి అదనంగా మైనస్ 1.50 సిలిండర్ (కంటి వంపు అన్ని వైపులా సమానంగా లేనప్పుడు ఇచ్చే పవర్) ఉన్నాయి. అంతవరకు అంతా సక్రమంగానే జరిగింది.

దుకాణం పేరున్నదే. ఫ్రేము ఎంచుకునేటప్పుడు "పెరిగే పిల్ల కదమ్మా, కాస్త పెద్దది తీసుకుంటే రెండేళ్లు వస్తుంది" అన్నారు. బట్టల విషయంలో మనమందరం చేసే పనే కనుక నాకూ సబబుగానే తోచింది. పాప రెండు కంటిపాపల మధ్య దూరాన్ని వారు కొలవనే లేదు. అద్దం మధ్యబిందువు కంటిపాపకు ఎదురుగా ఉండాలని, అది పక్కకు జరిగితే పవర్ ఉన్న అద్దం పట్టకంలా పనిచేసి చూపును లాగుతుందని అప్పటికి నాకు తెలియదు. పిల్లలకు సులువుగా పగలని పాలీకార్బొనేట్ లెన్సులే వేశామని నోటితో చెప్పారు గాని, బిల్లులో "ఫ్రేము, లెన్సులు, రూ.3,800" అని తప్ప మరో ముక్క లేదు.

మొదటి రోజే పాప "నేల ఎత్తుగా వస్తోందమ్మా, మెట్లు వంకరగా ఉన్నాయి" అంది. ఫోన్ చేస్తే కొత్తలో అంతేనని, వారంలో అలవాటవుతుందని చెప్పారు. సిలిండర్ ఉన్న కొత్త అద్దాలతో కొద్దిరోజులు అలా అనిపించడం మామూలే కాబట్టి ఆ మాటలో కొంత నిజముంది. నేను మోసపోయింది ఆ కొంత నిజం వల్లనే. అలవాటయ్యేదైతే ఆ ఇబ్బంది రోజురోజుకూ తగ్గాలి, మా పాపకు తగ్గలేదు. బడిలో ఎవరైనా సోడాబుడ్డి అని ఏడిపిస్తున్నారేమోనని టీచరును అడిగితే అలాంటిదేమీ లేదన్నారు. పెట్టుకున్న రోజుకొక స్టిక్కరు ఇస్తానన్నాను, జారిపోకుండా తల వెనుక పట్టీ బిగించాను. ఆ పట్టీ సంగతి తలచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఒకరోజు కళ్లజోడు బియ్యం డబ్బాలో దొరికింది.

అసలు విషయం అనుకోకుండా బయటపడింది. గోడ గడియారంలో టైమెంతయిందో చూడమంటే, పాప కళ్లజోడును ముక్కు చివరికి దించి, ఫ్రేము పైనుంచి చూసింది. దూరం కనబడడానికి పెట్టిన అద్దాలను దూరం చూడడానికే దించుతోందంటే అందులో ఏదో తేడా ఉండాలి. ఒక్కో కన్ను అరచేత్తో మూసి క్యాలెండరు చదివించాను. ఎడమ కంటికి అద్దాలతో బాగా కనబడింది, కుడి కంటికి మాత్రం అద్దాలు తీస్తేనే నయంగా ఉంది.

దుకాణానికి వెళ్తే చీటీతో సరిచూడకుండా, చుక్కల మందు లేకుండానే కంప్యూటర్ పరీక్ష చేసి, పవర్ పెరిగిందని, కొత్త లెన్సులు తగ్గింపు ధరకు ఇస్తామని అన్నారు. నేను ఒప్పుకోకుండా కళ్లజోడును తిరిగి ఆసుపత్రికే తీసుకెళ్లాను. అక్కడ అద్దాల పవర్ కొలిచే లెన్సోమీటర్ మీద పెట్టి రెండు నిమిషాల్లో చెప్పారు: కుడి సిలిండర్ యాక్సిస్, అంటే దాన్ని ఏ కోణంలో బిగించాలో చెప్పే అంకె, 10 ఉండవలసిన చోట 100 ఉంది. చేత్తో రాసిన చీటీలో 10 పక్కన డిగ్రీ గుర్తుగా పెట్టిన చిన్న సున్నాను దుకాణం వారు అంకెగా చదివారు. సిలిండర్ తొంభై డిగ్రీలు తిరిగితే లోపం సరికాకపోగా రెట్టింపవుతుందట. పైగా రెండు అద్దాల మధ్యబిందువులూ పాప కంటిపాపల కంటే బయటికి జరిగి ఉన్నాయి.

అందుచేత చీటీలో యాక్సిస్‌ను డిగ్రీ గుర్తు లేకుండా స్పష్టంగా రాయించుకోండి. కంటిపాపల దూరాన్ని మీ ఎదుటే కొలిపించి, ఆ అంకెతో పాటు లెన్సు రకాన్ని కూడా బిల్లులో రాయించండి. ఫ్రేము నేటి ముఖానికి సరిపోవాలి గాని రెండేళ్ల తరువాతి ముఖానికి కాదు. కళ్లజోడు చేతికిచ్చే రోజున లెన్సోమీటర్ మీద చూపించమని, చీటీతో పోల్చమని అడగండి, విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ఆ దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే ఈ జాగ్రత్త ఏ దుకాణంలోనైనా తీసుకోవలసినదే.

రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తానన్నాక లెన్సులు ఉచితంగా మార్చడానికి ఒప్పుకున్నారు, ఫ్రేము డబ్బు మాత్రం తిరిగి ఇవ్వబోమన్నారు. నేను వేరే చోట చిన్న ఫ్రేముతో కొత్తది చేయించాను. దాన్ని పాప నాలుగో రోజు నుంచి అడగకుండానే పెట్టుకుంటోంది. మొత్తం డబ్బు వాపసు కోసం జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు నమోదు చేశాను, ఇంకా జవాబు రాలేదు.