భవనం లేని ఎస్టేట్: క్లంబర్ పార్క్

ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్‌షైర్ వైపు వెళ్తే క్లంబర్ పార్క్‌కు ఒక రోజు కేటాయించండి. "మేడే లేనప్పుడు ఏం చూస్తాం?" అని మావాళ్లూ అడిగారు. న్యూకాజిల్ డ్యూకులనే ప్రభు వంశం వారి ఆ మేడను 1938లో పడగొట్టేశారు. చెరువు పక్క పచ్చికలో అది ఎంతమేర ఉండేదో తెలిసేలా ఆనవాళ్లు మాత్రం ఉంచారు. వాటి వెంట నడిస్తేనే ఎంత పెద్ద ఇల్లో తెలుస్తుంది.

1879లో మంటల్లో చాలా భాగం కాలిపోతే మళ్లీ కట్టుకున్నారు. తర్వాత పన్నులు, ఖర్చులు తట్టుకోలేకపోయారు. సామాను, పుస్తకాలు వేలానికి పోయాయి. 1928లో ఎనిమిదో డ్యూక్ అయిన లార్డ్ ఫ్రాన్సిస్ హోప్ అంతకుముందే దివాలా తీసి, 1901లో హోప్ వజ్రాన్ని అమ్ముకున్నాడు. ఆ నీలి వజ్రం మన పల్నాడులోని కొల్లూరు గనిలో దొరికిందంటారు. ఆ కొల్లూరేమో పులిచింతల నీళ్లలో మునిగింది. ఇదంతా తెలిసి ఆ పచ్చికలో నిలబడితే నాకు మనసు బరువెక్కింది.

మిగిలినవాటిలో నా మొదటి ఓటు చర్చికే. ఏడో డ్యూక్ కట్టించాడు, 1889లో పూర్తయింది, శిఖరం 180 అడుగులు. లోపలి ఎర్రరాతి చెక్కడాలు తీరిగ్గా చూడాల్సినవి. రెండో ఓటు ప్రహరీ లోపలి కూరగాయల తోటకు. అక్కడి అద్దాల గది పొడవు 450 అడుగులు. గోంగూరలా పుల్లగా ఉండే రూబార్బ్ కాడలు 130 రకాలకు పైగా పెంచుతున్నారు. ఇక రెండు మైళ్ల లిండెన్ చెట్ల బాటలో 1,296 చెట్లు. కాండాల చుట్టూ నల్లటి పట్టీలు కనిపిస్తాయి. వందేళ్ల కిందట పురుగులు పైకి పాకకుండా పూసిన గ్రీజు మరకలవి, ఇంకా పోలేదు.

ఎస్టేట్ 3,800 ఎకరాలు కాబట్టి నడక చాలదు, అక్కడే అద్దెకు సైకిల్ తీసుకోండి. 1946 నుంచి పాత కట్టడాలు, తోటలు కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది, నిర్వహణ బాగుంది. ఆ ట్రస్ట్ సభ్యులకు పార్కింగ్ ఉచితం. కెఫేలో శాకాహారులకు సూప్, కేకులు దొరుకుతాయి గానీ మన కడుపు నిండదు, పులిహోర కట్టుకెళ్లడం మేలు.

బస మేం దగ్గర్లోని వర్క్‌సాప్ పట్టణంలో ఒక చిన్న లాడ్జిలో చేశాం. అద్దె తక్కువే కానీ రాత్రంతా హీటర్ పనిచేయలేదు, చెప్పినా పట్టించుకోలేదు. పిల్లలతో వెళ్లేవాళ్లు నాటింగ్‌హామ్‌లో దిగి కారులో రావడమే నయం. రైల్లో వస్తే వర్క్‌సాప్ స్టేషన్ నుంచి తిరుగు టాక్సీ కూడా ముందే మాట్లాడుకోండి.