మంగళాజోడిలో బుల్లి పిట్టల కోసం మూడు ఉదయాలు

జనవరి రెండో వారంలో నేనూ మా బావా విజయవాడలో రాత్రి రైలెక్కి ఒడిశాలోని బాలుగావ్‌లో దిగాం. చిలికా సరస్సు ఉత్తరపు అంచున ఉన్న మంగళాజోడికి మనవైపు నుంచి వెళ్లేవాళ్లు భువనేశ్వర్ దాకా పోయి వెనక్కి రావక్కర్లేదు. ఎక్కువమంది అక్కడ వేలకొద్దీ దిగే బాతుల కోసం, గాడ్‌విట్‌లనే పొడుగు ముక్కు వలస పిట్టల కోసం వస్తారు. మేం వెళ్లింది గడ్డి మొదళ్లలో, బురద అంచున తిరిగే జానెడు పిట్టల్ని ఫొటో తీయడం కోసం.

మన కొల్లేట్లో ఈ పిట్టలు లేవా అంటే, ఉన్నాయి. రెండూ ప్రపంచంలోని ముఖ్యమైన చిత్తడి నేలల జాబితా అయిన రామ్‌సర్‌లో ఉన్నవే, చిలికా 1981 నుంచి, కొల్లేరు 2002 నుంచి. కొల్లేటి పక్షుల కేంద్రం ఆటపాకలో గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు కళ్లెదుటే గుంపులుగా ఉంటాయి కాబట్టి 300 ఎంఎం లెన్స్‌తోనే కడుపు నిండిపోతుంది. బుల్లి పిట్టల కోసం నేను చేపల చెరువుల గట్లు పట్టుకుని చాలాసార్లు తిరిగాను. గట్టు మీద నిలబడ్డ మనిషి పిట్టకి కొండంత కనిపిస్తాడు. చూసీ చూడగానే అది కిక్కిస గడ్డిలోకి దూరుతుంది. ఒకవేళ దొరికినా పైనుంచి తీసిన ఫొటోలో దాని వెనక అంతా బురదే.

మంగళాజోడిలో ఇంజిన్ లేని నాటు పడవ, వెదురు గడతో తోస్తారు. ముందు భాగంలో చాప మీద కూర్చుంటే లెన్స్ నీటికి రెండడుగుల ఎత్తులో ఉంటుంది. తేడా అంతా అక్కడే.

మొదటి రాత్రి హైవే పక్కన ఒక హోటల్లో దిగి తప్పు చేశాం. గది శుభ్రంగానే ఉంది. తెల్లవారుజామున నాలుగున్నరకి కారు పెడతామన్నారు, అది వచ్చేసరికి ఆరు దాటింది. పడవ ఎక్కేసరికి మంచి వెలుగు సగం పోయింది. తొమ్మిది దాటితే నీటి మీద వేడి గాలి వణుకుతుంది, ఎంత ఖరీదైన లెన్సయినా ఫొటో అలికినట్టే వస్తుంది. మధ్యాహ్నమే ఊళ్లో కాటేజీకి మారిపోయాం. సాదా మంచం, దోమతెర, వేడి నీళ్లు బకెట్‌తో తెచ్చిస్తారు. అన్నం, పప్పు, చేపల కూర కమ్మగా ఉన్నాయి. ఏసీ లేకపోతే ఇబ్బంది పడే పెద్దవాళ్లతో వెళ్తే బర్కుల్‌లో ఒడిశా పర్యాటక సంస్థ హోటల్ పంథనివాస్ చూసుకోవచ్చు గానీ, రోజూ చీకట్లో అంతదూరం రావాలి.

ఈ ఊరికి ఒకప్పుడు పిట్టల వేటగాళ్ల ఊరని పేరు. 2000లో శ్రీ మహావీర్ పక్షి సురక్షా సమితి ఏర్పడ్డాక వేట మానినవాళ్లే కాపలాదారులు, గైడ్లు అయ్యారు. మా పడవ నడిపిన ఆయనకి యాభై దాటి ఉంటాయి. ఒడియా, కాస్త హిందీ వచ్చు, పిట్టల పేర్లు మాత్రం ఇంగ్లిషులో గడగడా చెప్తాడు. రెండో రోజు జమ్ము గడ్డి పక్కన గడ దింపి, “భాయ్, రుకో” అన్నాడు. మాకేమీ కనిపించలేదు. రెండు నిమిషాలకి బురద అంచుకి బ్లూత్రోట్ అనే పిట్ట వచ్చింది. నాలుగడుగులు పరుగు, టక్కున ఆగడం, తోక పైకెత్తడం. తోక మొదట్లో ఇటుక రంగు, గొంతు మీద నీలం, మధ్యలో కాషాయపు మచ్చ. కాలికి అంటిన తడిమట్టి కూడా కనిపించేంత దగ్గర.

పదిహేను సెంటీమీటర్ల పిట్ట పదిహేను మీటర్ల దూరంలో ఉంటే, ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సార్) కెమెరాకి 600 ఎంఎం లెన్స్ పెట్టినా ఫ్రేము వెడల్పులో ఆరో వంతు ఉంటుంది. ఐదు మీటర్లకి వస్తే సగం నిండుతుంది. ఆ పది మీటర్లు తగ్గించేది పడవ నడిపే మనిషే. అందుకే లెన్స్ మీద ఇంకో లక్ష పెట్టే ముందు పడవలో ఇంకో రెండు ఉదయాలు పెట్టమంటాను.

ట్రైపాడ్ మోసుకెళ్లకండి, పడవతో పాటు అదీ ఊగుతుంది. మేం లెన్స్ కింద ఆనించే ఖాళీ సంచి, బీన్ బ్యాగ్, తీసుకెళ్లి ఊళ్లో కొన్న బియ్యంతో నింపాం. షటర్ వేగం 1/1600 సెకనుకి తగ్గనివ్వలేదు. ఫోకస్ ఒకే పాయింట్ మీద పెట్టాలి, లేదంటే ముందున్న గడ్డిపోచని పట్టుకుంటుంది.

ఒకటి మాత్రం ఇప్పటికీ బాధగానే ఉంది. ఎగిరే గాడ్‌విట్‌ల కోసం లెన్స్ మీద ఫోకస్ లిమిటర్‌ని, అంటే ఏ దూరం నుంచి ఫోకస్ చేయాలో చెప్పే స్విచ్‌ని, ‘పది మీటర్ల నుంచి’ అని పెట్టి మర్చిపోయాను. బెయిలన్స్ క్రేక్, పిడికిలంత పిట్ట, నాచు మీద అడుగులో అడుగు వేసుకుంటూ నాలుగు మీటర్లకి వచ్చింది. లెన్స్ అటూ ఇటూ తిరుగుతోందే తప్ప పట్టుకోవడం లేదు. స్విచ్ గుర్తొచ్చేసరికి అది గడ్డిలోకి వెళ్లిపోయింది. బావ దగ్గర క్రాప్ (చిన్న సెన్సార్) కెమెరాతో 150-600 ఎంఎం లెన్స్ ఉంది, ఆయనకి మూడు ఫొటోలు దక్కాయి.

మూడో ఉదయం అదే గడ్డి దగ్గర నలభై నిమిషాలు ఆగాం. వేరేవాళ్లయితే గంటల లెక్కన తొందరపెట్టేవాళ్లు, మా పడవాయన గడ పక్కన పెట్టి మాతోపాటే కూర్చున్నాడు. క్రేక్ రాలేదు. పడవ దిగేటప్పుడు డిసెంబరు చివరికి మళ్లీ ఆయన పడవే కావాలని చెప్పి వచ్చాం.