సెలినిటీ (నీళ్లలో ఉప్పు శాతం) కొలవడానికి పిల్లలు ఏది చేస్తే మేలు: తేలే సీసానా, మల్టీమీటరా?

రొయ్యల చెరువుల మధ్య ఉన్న కోనసీమ బడుల్లో సైన్స్ ఫేర్ వచ్చిందంటే ఈ ప్రశ్న తప్పదు.

మల్టీమీటర్ చూడ్డానికి తేలిక. ఉప్పు పెరిగేకొద్దీ నీళ్లలో కరెంటు తేలిగ్గా పారుతుంది. రెండు స్టీలు పుల్లలు ముంచి ఓమ్స్‌లో (కరెంటుకు నీళ్ల అడ్డు కొలిచే చోట) పెడితే అంకె వస్తుంది, కానీ నిలవదు. మీటర్ పంపేది డీసీ (ఒకే దిక్కుకు పారే కరెంటు) కాబట్టి పుల్లల దగ్గర అయాన్లు పేరుకుని రీడింగ్ జారిపోతూ ఉంటుంది. 555 ఐసీ అనే చిన్న చిప్‌తో ఏసీ (దిక్కు మారుతూ ఉండే కరెంటు) పంపొచ్చు. కానీ చవక మల్టీమీటర్లలో ఏసీకి అతి తక్కువ రేంజే 200 వోల్టులు. ఇంత చిన్న సిగ్నల్ దానికి సరిగ్గా అందదు.

నా ఓటు సీసాకే, అదీ సరిగ్గా చేస్తేనే. నీళ్లలో ఉప్పు పెరిగేకొద్దీ తేలే వస్తువు పైకి లేస్తుంది, ఆ లేచినదాన్నే కొలుస్తాం. చాలామంది ఒట్టి స్ట్రా అడుగున మైనం పెట్టి తేలుస్తారు. 15 సెంటీమీటర్లు మునిగే స్ట్రా 10 పీపీటీకి (పీపీటీ అంటే వెయ్యి పాళ్ల నీటిలో ఉప్పు పాళ్లు) లేచేది ఒక్క మిల్లీమీటరే. అసలు కిటుకు పొట్ట పెద్దదిగా, మెడ సన్నగా ఉండడంలో ఉంది. 100 మి.లీ. ప్లాస్టిక్ సిరప్ సీసా మూతకు రంధ్రం పెట్టి, 8 మి.మీ. లావున్న ఖాళీ పెన్ను గొట్టం నిలబెడితే అదే 10 పీపీటీకి దాదాపు ఒకటిన్నర సెంటీమీటర్లు లేస్తుంది. గొట్టంలో గ్రాఫ్ కాగితం చుట్టి దోపాలి. మంచినీళ్లలో గొట్టం పైన రెండు సెంటీమీటర్లే మిగిలేదాకా సీసాలో పొడి ఇసుక పోయాలి. అతుకులకు ఎంసీల్ పట్టించాలి. పెన్ను గొట్టం పక్కన గాలికోసం ఉండే సన్న రంధ్రాన్ని మూయడం మరిచిపోతారు. అక్కడే నీరు దిగి సీసా మునుగుతుంది.

లీటరు నీళ్లకు 10, 20, 30 గ్రాముల ఉప్పు కలిపి గీతలు పెట్టుకోవాలి. పరీక్షించే నీటిని బురద పేరుకునేదాకా, గీతలు పెట్టిన నీళ్ల వేడికి వచ్చేదాకా గదిలో ఉంచాలి. అయిదు డిగ్రీల తేడా ఉంటే రెండు పీపీటీ తప్పు చూపిస్తుంది. సీసాకు అంటిన బుడగలు తుడవకపోయినా అది ఎక్కువే చూపిస్తుంది.

బోరు నీళ్లలో ఉప్పు తాగడానికి వీలైనంతలోనే ఉందా అన్నది మాత్రం సీసా తేల్చలేదు. అర పీపీటీకీ ఒక పీపీటీకీ మధ్య తేడా మిల్లీమీటరు కూడా ఉండదు. దానికి టీడీఎస్ పెన్ను (నీళ్లలో కరిగిన లవణాలను చూపే చిన్న మీటరు) కొనుక్కోవడమే. ఉప్పు ఎక్కువున్న చెరువు నీళ్లలో ఆ పెన్ను రేంజ్ దాటిపోతుంది. నీళ్లలో వెలుతురు వంగే తీరుతో ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ కచ్చితమైనదే, కానీ పిల్లలు చేసేది కాదు.